ముందుగానే రిటైరయ్యాను. నేను ఖాళీ, ఇంట్లో ఎవరూ ఖాళీ లేరు. ప్రయాణాలు ఎలా?

ఫిజిక్స్ సారు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. హైస్కూల్లో చాలా ఏళ్లు ఫిజిక్స్ చెప్పాను. ఇంకా సర్వీసు ఉండగానే ఈమధ్య ముందస్తు రిటైర్మెంట్ తీసుకున్నాను. జబ్బు చేసి కాదు, ఎవరితోనో గొడవపడీ కాదు. మా నాన్నగారు కూడా టీచరే. ఆయన పూర్తి సర్వీసు చేసి బయటికొచ్చేసరికి మోకాళ్లు పోయాయి. చూడాలనుకున్నవన్నీ టీవీలోనే చూశారు. అది మనసులో ఉండిపోయి, డబ్బు లెక్కలన్నీ చూసుకుని, ఓపిక ఉండగానే వచ్చేశాను. ఆ నిర్ణయం మీద నాకు ఏ సందేహమూ లేదు.

అడగాలనుకున్నది వేరే. నేను ఏడాది పొడవునా ఖాళీ. ఇంట్లో మిగతా ఎవరూ ఖాళీ లేరు. మా ఆవిడ ఇంకా ఉద్యోగం చేస్తోంది, సెలవులు లెక్కపెట్టుకుని వాడుకోవాలి. అమ్మాయి, అల్లుడు చెరో ఆఫీసు. మనవడు ఒకటో క్లాసు. అందరం కలిసి వెళ్లాలంటే మళ్లీ ఆ స్కూలు సెలవుల కోసమే ఎదురుచూడాలి. అప్పుడేమో టికెట్లు మండిపోతుంటాయి, ఎక్కడికి వెళ్లినా జనమే జనం. మా అమ్మకి కూడా మాతో రావాలని ఉంది, కానీ ఎక్కువ దూరం నడవలేదు.

రెండోది మామూలు రోజుల సంగతి. ట్యూషన్ చెప్పమని అప్పుడే ఇద్దరు ముగ్గురు అడిగారు, వద్దన్నాను. పొద్దున్నే పాత టైముకే మెలకువ వస్తోంది. వెళ్లాల్సిన చోటు లేదని గుర్తు రాగానే హాయిగానూ ఉంటోంది, కాస్త వెలితిగానూ ఉంటోంది. నాకంటే ముందు బడి వదిలి వచ్చినవాళ్లు మీ తీరికని ఎలా అనుభవిస్తున్నారు? ఇంట్లోవాళ్లతో ప్రయాణాలు ఎలా కుదుర్చుకుంటున్నారు? వివరంగా రాస్తే సంతోషిస్తాను.

భూగోళం మేడమ్

మాస్టారూ, ముందుగా అభినందనలు. నేను జాగ్రఫీ చెప్పేదాన్ని. మీలాగే గడువు కంటే ముందే వచ్చేశాను. మావారు అప్పటికే రిటైరయ్యారు కాబట్టి ఆ ఒక్క విషయంలో మీకంటే నాకు సులువు.

మామూలు రోజుల గురించే ముందు చెప్తాను. ఎన్ని ఊళ్లు తిరిగినా ఏడాదిలో ఎక్కువ రోజులు గడిచేది ఇంట్లోనే కదా.

నాకు మొదట తెలిసిన సుఖం గొంతుది. మిగతా ఉద్యోగాల వాళ్లకంటే టీచర్లకి గొంతు సమస్యలు ఎక్కువని డాక్టర్లు చెప్తూనే ఉంటారు. మనం మాత్రం ఒక మాత్ర చప్పరించి తర్వాతి పీరియడ్‌కి వెళ్లిపోతాం. చివరి బెంచీ దాకా వినపడేలా అరవడం మానేసిన కొన్నాళ్లకి నా గొంతులో బొంగురు పోయింది. నా మామూలు గొంతు ఇంత మెత్తగా ఉంటుందని మా పిల్లలకే తెలియదు. మీరు కూడా ఈ మొదటి నెలల్లో ఏ పనీ నెత్తిన పెట్టుకోకండి. పగలు పదకొండింటికి ఎండలో నడవండి. మధ్యాహ్నం నిద్ర వస్తే పడుకోండి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఆ వేళల్లో బయటి ప్రపంచం ఎలా ఉంటుందో మనం చూడనే లేదు.

ట్యూషన్ వద్దనడం మంచి పని చేశారు. మీరు చెప్పిన వెలితి నాకూ ఉండేది. అది చెప్పడం వల్ల కాదు, నేర్చుకోవడం వల్ల పోయింది. నేను ఈత నేర్చుకున్నాను. కోచ్ మా అమ్మాయికంటే చిన్నది. నీళ్లలో ముఖం ముంచి ఊపిరి వదలడానికే నాకు చాలా రోజులు పట్టింది. తల ఎత్తేసిన ప్రతిసారీ ఆ అమ్మాయి "పర్లేదు మేడమ్, ఇంకోసారి" అనేది. గొంతులో ఒక్కసారి కూడా విసుగు లేదు. మంచి టీచరు చేతిలో విద్యార్థిగా ఉండటం ఎంత భద్రంగా ఉంటుందో అంత వయసొచ్చాక మళ్లీ తెలిసింది. మీకు అస్సలు రానిది ఏదైనా ఎంచుకోండి. వచ్చినదాన్ని మెరుగుపరుచుకోవడం వేరే సంగతి.

ఇక ప్రయాణాలు. మీ ప్రశ్న చదవగానే నాకు అనిపించింది ఒకటే. కుటుంబంతో ప్రయాణం అంటే ప్రతిసారీ అందరూ కలిసే బయల్దేరాలని లేదు. మేం అందరం కలిసి వెళ్లే పెద్ద ప్రయాణం ఏడాదికి ఒకటే పెట్టుకుంటాం. మిగతావి ఎవరికి వీలైతే వాళ్లతో. అమ్మాయితో నేనొక్కదాన్నే వెళ్లిన రోజులున్నాయి. పెళ్లయ్యాక తనతో అంత తీరిగ్గా మాట్లాడింది అప్పుడే. మీ అమ్మగారితో మీరిద్దరే వెళ్లండి. ఆవిడ నడక వేగానికి తగ్గ ఊరు, తక్కువ మెట్లు, కూర్చోడానికి చోటు ఉంటే చాలు. ఆ ప్రయాణంలో మనవడి పరుగులు ఉండకూడదు.

అందరూ వచ్చే ప్రయాణంలో మన పాత్ర వేరు. మన దగ్గర టైముంది, వాళ్ల దగ్గర లేనిది అదే. కాబట్టి ఎదురుచూడటాలు, వరసలో నిలబడటాలు, పిల్లాణ్ణి పొద్దున్నే లేపి బయటికి తీసుకెళ్లడాలు మనం తీసుకోవాలి. వాళ్లకి నిద్ర ఇవ్వాలి. ఆఫీసు చేసే పిల్లలకి సెలవుల్లో కావాల్సింది సగం నిద్రే.

ఒక రోజు గురించి చెప్తాను. కెనడాలో బే ఆఫ్ ఫండీ అని ఉంది. పోటుకీ ఆటుకీ మధ్య నీటిమట్టం తేడా ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువ అక్కడే, 16 మీటర్ల దాకా వస్తుంది. ఎన్ని బ్యాచ్‌లకి చెప్పానో ఆ పాఠం. బోర్డు మీద చంద్రుణ్ణి గీసి, భూమికి అటూ ఇటూ నీటి ఉబ్బు గీసి చెప్పేదాన్ని. కళ్లతో చూడాలని కోరిక. మనవరాలు అప్పటికింకా బడిలో చేరలేదు కాబట్టి సెప్టెంబరులో వెళ్లాం. అక్కడి పిల్లలు బడులకి వెళ్లిపోయాక జనం తగ్గుతారు.

హోప్‌వెల్ రాక్స్ అనే చోట మెట్లు దిగి సముద్రపు నేల మీదికి వెళ్లాం. అడుగున సన్నగా, పైన లావుగా కోసుకుపోయిన రాతి స్తంభాలు, వాటి నెత్తిన చెట్లు. కింద ఎర్రమట్టి బురద. మనవరాలు ఒక రాతి పక్కన నిలబడి పైకి చూసి, "అమ్మమ్మా, ఈ గడ్డి ఇంత ఎత్తులో ఎందుకు తడిగా ఉంది?" అంది. అది సముద్రపు నాచు. పొద్దున నీళ్లు అక్కడిదాకా వచ్చి వెళ్లాయి. మా అందరి తలలకంటే చాలా పైన ఉంది.

అల్లుడు ఆ రోజుకి చూడాల్సినవి చాలా రాసుకొచ్చాడు. నేను ఒకటే అడిగాను: మీరిద్దరూ గదికి వెళ్లి పడుకోండి, మేం ఇక్కడే ఉంటాం, నీళ్లు నిండాక రండి. మేం ముగ్గురం పైకొచ్చి కూర్చున్నాం. పాప ఒక గుండ్రటి రాయిని గుర్తు పెట్టుకుంది. మొదట ఏమీ జరగనట్టే ఉంటుంది. తర్వాత గంటకి రెండు మీటర్ల దాకా లేస్తుంది నీరు. ఆ రాయి తడిసింది, సగమైంది, పోయింది. ఇంకో రాయి ఎంచుకుంది. అదీ పోయింది. మేం నడిచిన దారి మీదుగా కాసేపటికి కయాక్‌లు (చిన్న తెడ్డు పడవలు) వెళ్తున్నాయి. ఇంత నీరు ఇక్కడే ఎందుకని మావారు అడిగితే, ఊయలని సరైన సమయంలో తోస్తే ఎత్తుగా లేచినట్టే ఇదీ అని చెప్పాను. ఆ అఖాతంలో నీళ్లు ఒక్కసారి లోపలికీ బయటికీ ఊగడానికి పట్టే సమయం, 12 గంటల 25 నిమిషాలకోసారి వచ్చే పోటుతో దాదాపు కలుస్తుంది. దానికి తోడు అఖాతం లోపలికి పోయేకొద్దీ ఇరుకై, లోతు తగ్గుతుంది.

సాయంత్రం అమ్మాయి, అల్లుడు బాగా నిద్రపోయి వచ్చారు. మనవరాలు వాళ్ల నాన్న చెయ్యి పట్టుకుని ఏ రాయి ఎక్కడుందో నీళ్లలోకి చూపిస్తూ పాఠం చెప్పింది. అల్లుడు రాసుకొచ్చిన చోట్లు ఇంక ఎవరికీ గుర్తు రాలేదు.

ఇలాంటి చోటికి వెళ్లాలంటే ముందు టైడ్ టేబుల్ (పోటు, ఆటు వేళల పట్టిక) చూసుకుని, తర్వాత టికెట్లు తీసుకోవాలి. ఆటు పగటిపూట, మీకు అనువైన వేళకి పడాలి. అమావాస్య, పౌర్ణమి దగ్గర అయితే తేడా ఇంకా ఎక్కువ. ఇవన్నీ ఎంతో ముందుగానే లెక్కకట్టి ఉంచుతారు.

మీ మనవడు బడిలో చేరాడు కాబట్టి సెలవుల్లోనే వెళ్లక తప్పదు. బడి మాన్పించి తీసుకెళ్లమని నేను చెప్పను. వారం మానేసి వచ్చిన పిల్లవాడు భిన్నాల పాఠం దగ్గర బిక్కమొహం వేయడం ఎన్నిసార్లు చూశామో మనకి తెలుసు. సెలవుల్లోనే వెళ్లండి, కానీ అందరూ వెళ్లే చోటుకి కాదు. మీరు బోర్డు మీద చెప్పినవాటిలో ఒకటి ఎంచుకోండి. ఒక ప్రయాణానికి ఒక్కటి చాలు.

లెక్కల మాస్టారు

మేడమ్ గారు బాగా చెప్పారు. నేను డబ్బు సంగతి రాస్తాను, ఎందుకంటే ముందుగా రిటైరైనవాళ్లకి అది మిగతావాళ్లలా ఉండదు. జీతం లేకుండా గడపాల్సిన ఏళ్లు మనకి ఎక్కువ. ధరలు ఏటా 6 శాతం పెరిగితే ఇవాళ్టి ఖర్చు 12 ఏళ్లకి రెండింతలవుతుంది (ఎన్నేళ్లకి రెండింతలవుతుందో సుమారుగా తెలియాలంటే 72ని ఆ శాతంతో భాగించాలి, ఇక్కడ 6తో). అందుకని ఇంటి ఖర్చుకీ, వైద్యానికీ ఉంచినదాన్ని ప్రయాణాలకి ముట్టుకోవద్దు. ప్రయాణాలకి విడిగా ఒక మొత్తం పెట్టుకోండి.

కానీ ఆ మొత్తాన్ని ఏటా సమానంగా పంచకండి. ఇది నేను గట్టిగా నమ్మే విషయం. దూరం వెళ్లేవి, నడక ఎక్కువుండేవి మొదటి ఏళ్లలోనే పెట్టుకోండి. దగ్గరవి తర్వాతైనా చూడొచ్చు. మీ నాన్నగారి సంగతి రాశారుగా, మీకు నేను వేరే చెప్పక్కర్లేదు.

ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు బీపీ, షుగర్, పాత ఆపరేషన్లు, ఏమున్నా దాచకుండా రాయండి. రాయకపోతే అవసరమైనప్పుడు క్లెయిము రాదు. అమ్మగారికి ఇది ఇంకా ముఖ్యం. చాలా దేశాలు పాస్‌పోర్టుకి ఇంకా ఆరు నెలల గడువు ఉండాలంటాయి. పిల్లల పాస్‌పోర్టుల గడువు చాలాచోట్ల పెద్దవాళ్ల వాటికంటే తక్కువ, అందుకని మనవడిది ముందు చూడండి.

ఒక్క విషయంలో మేడమ్ గారితో నాది వేరే మాట. ఏడాదికో పెద్ద ప్రయాణం అందరికీ కుదరదు. మేం ఏడాది విడిచి ఏడాది వెళ్తాం. మధ్యలో ఏడాదంతా దాని గురించి చదువుకుంటాం, ప్లాన్ చేసుకుంటాం. పిల్లలకి అది కూడా సరదానే.

పీఈటీ సార్

సార్, నేనింకా సర్వీసులోనే ఉన్నాను, అయినా మా అమ్మానాన్నల్ని, పిల్లల్ని కలిపి తీసుకెళ్లే అలవాటుంది కాబట్టి రాస్తున్నాను.

నాలుగు గంటలు దాటిన ప్రయాణం ఏదైనా, విమానమైనా బస్సయినా, కదలకుండా కూర్చుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. గంటకోసారైనా లేచి నాలుగడుగులు వెయ్యాలి. లేవలేకపోతే మడమలు పైకీ కిందికీ ఆడించాలి. అమ్మగారికి టికెట్ బుక్ చేసేటప్పుడే వీల్‌చైర్ సాయం కావాలని రాయండి. మామూలుగా దానికి విడిగా డబ్బు తీసుకోరు. కాస్త నడవగలిగినవాళ్లు మొహమాటపడి వద్దంటారు, కానీ పెద్ద విమానాశ్రయాల్లో నడకకే సగం ఓపిక అయిపోతుంది.

కొండ ప్రాంతాలు అనుకుంటే ఎత్తు చూసుకోండి. దాదాపు 2500 మీటర్లు దాటితే ఎవరికైనా తలనొప్పి, వాంతులు రావచ్చు. రోజూ జిమ్‌కి వెళ్లేవాళ్లకీ వస్తాయి, ఫిట్‌నెస్ దాన్ని ఆపదు. 3000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తుని రోజుకి 500 మీటర్లకి మించి పెంచకూడదు, మూడు నాలుగు రోజులకోసారి ఒకచోట ఆగాలి. లడఖ్‌లో లేహ్, టిబెట్‌లో లాసా, పెరూలో కుస్కో మూడూ 3000 పైనే. విమానంలో నేరుగా అక్కడ దిగినవాళ్లు మొదటి రెండు రోజులూ ఏమీ పెట్టుకోకూడదు. చిన్నపిల్లలు తలనొప్పి అని చెప్పలేరు, అన్నం వద్దని చిరాకు పడుతుంటే అనుమానించాలి.

తూర్పు వైపు ఎగిరి వెళ్తే జెట్ లాగ్ ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. మొదటి రోజు టికెట్లు కొని చూడాల్సినవి ఏవీ ఉంచకండి.

ఫిజిక్స్ సారు

మేడమ్ గారూ, మీ పోస్టు మా ఆవిడకి చదివి వినిపించాను. ఆ నాచు దగ్గరకి వచ్చేసరికి తనే ఫోన్ తీసుకుని మిగతాది చదివింది. మాస్టారికి, పీఈటీ సార్‌కి కూడా చాలా థ్యాంక్స్. అమ్మకి వీల్‌చైర్ గురించి చెప్పాను. మొదట వద్దంది, తర్వాత "సరే చూద్దాం" అంది.

బోర్డు మీద చెప్పినవాటిలో ఒకటి ఎంచుకోమన్నారు. నాకు ఆలోచించాల్సిన పని లేకుండా పోయింది. ప్రచ్ఛాయ, ఉపచ్ఛాయ (గ్రహణంలో పూర్తి నీడ, పాక్షిక నీడ) బొమ్మ గీయని ఏడాది లేదు నా సర్వీసులో. సంపూర్ణ సూర్యగ్రహణం మాత్రం ఇప్పటిదాకా చూడలేదు. 2027 ఆగస్టు 2న ఒకటి ఉంది. అట్లాంటిక్ సముద్రంలో మొదలై దక్షిణ స్పెయిన్, మొరాకో, ఈజిప్టు మీదుగా సౌదీ వైపు వెళ్తుంది. ఈజిప్టులోని లక్సర్ దగ్గర ఆరు నిమిషాలు దాటి ఉంటుంది, అది చాలా ఎక్కువ. చాలా గ్రహణాల్లో సంపూర్ణ దశ రెండు మూడు నిమిషాల్లో అయిపోతుంది.

సందేహం ఏమిటంటే, ఆగస్టులో లక్సర్ ఎండ. 40 డిగ్రీలు మామూలుగా దాటుతుంది. గ్రహణం కూడా మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో, సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉండగా. చిన్నపిల్లాడు, అమ్మ. తీసుకెళ్లొచ్చంటారా?

భూగోళం మేడమ్

ఎంత మంచిది ఎంచుకున్నారు మాస్టారూ!

మీరొక్కరే అయితే లక్సర్ అనేదాన్ని. అక్కడ ఆగస్టులో మబ్బు పట్టడం చాలా అరుదు, నిమిషాలు కూడా ఎక్కువ. పిల్లాడు, అమ్మగారు ఉంటే మాత్రం నేను జిబ్రాల్టర్ జలసంధి ఒడ్డు చూస్తాను. స్పెయిన్ వైపు తరీఫా, మొరాకో వైపు టాంజియర్. అక్కడా నాలుగు నిమిషాలు దాటి ఉంటుంది. గ్రహణం పొద్దున పూట, సముద్రపు గాలి. పొద్దున్నే ఒడ్డున తక్కువ ఎత్తులో మబ్బు కమ్మే అవకాశం ఉంది, అందుకని అవసరమైతే కాస్త లోపలికి వెళ్లడానికి చేతిలో బండి ఉంచుకోండి. పూర్తి ఛాయ పడే దారి దాటి మాత్రం వెళ్లొద్దు. 99 శాతం గ్రహణంలో పగలు పగల్లాగే ఉంటుందని మీకు తెలియనిది కాదు. ఆ రోజు ఆ ఒడ్డుకి చాలామంది వస్తారు, గది సంగతి ఎంత ముందు చూసుకుంటే అంత మంచిది.

దీనిలో నాకు నచ్చింది ఇంకోటి. మీ ఇంట్లో సమస్య సెలవులేగా. గ్రహణం తేదీ మారదు. 2027 ఆగస్టు 2 సోమవారం. ముందు శని, ఆదివారాలు కలుస్తాయి. మీ ఆవిడగారు, అమ్మాయి, అల్లుడు ఎవరైనా సరే, అంత ముందుగా అడిగితే ఆఫీసులో కాదనడం కష్టం. ఆ తేదీకి మనవడి బడి తెరిచి ఉంటుందేమో మాత్రం చూసుకోండి. బడి ఉంటే ఏం చేయాలన్నది మీ ఇష్టం. బడి మాన్పించనని పైన రాశాను, కానీ సంపూర్ణ గ్రహణానికి నేనైతే వాడి టీచరుకి నిజం చెప్పి సెలవు అడుగుతాను. తిరిగొచ్చాక చూసింది క్లాసులో చెప్పిస్తానని మాటిస్తాను. నా క్లాసులో ఎవరైనా అలా అడిగి ఉంటే సంతోషంగా పంపేదాన్ని.

మీరు ఓ రెండు రోజులు ముందు వెళ్లి చోటు చూసి పెట్టండి. ఆ టైము మీ దగ్గర ఉందిగా.

ఫిజిక్స్ సారు

ఖాయం చేశాం మేడమ్ గారూ. జలసంధి ఒడ్డే. మా ఆవిడ లీవు ఎంత ముందు పెట్టొచ్చో రేపు ఆఫీసులో కనుక్కుంటానంది. అల్లుడు అప్పుడే మ్యాపు తెరిచి కూర్చున్నాడు. నేను ముందుగా వెళ్లి అమ్మ కూర్చోడానికి నీడ, బాత్రూమ్ దగ్గరగా ఉండే చోటు చూస్తాను.

కళ్లద్దాల సంగతి ఇక్కడ చదివేవాళ్లందరి కోసం రాస్తున్నాను. మామూలు నల్లద్దాలు, ఎక్స్‌రే ఫిల్ములు పనికిరావు. ఐఎస్ఓ 12312-2 ప్రమాణానికి సరిపోయేవే వాడాలి, గీతలు పడితే పారెయ్యాలి. సూర్యబింబం పూర్తిగా మూసుకుపోయిన ఆ కొద్ది నిమిషాలే అద్దాలు తీసి చూడొచ్చు. అంచున మొదటి వెలుగు కనపడగానే మళ్లీ పెట్టెయ్యాలి. చిన్నపిల్లల పక్కన ఒక పెద్దవాళ్లు ఆ పని మీదే ఉండాలి. మా వాడి పక్కన నేనుంటాను.

వాడికి టార్చిలైటు, బంతి, చిన్న గోళీ తీసుకుని ఇవాళే మొదలుపెట్టాను. గోళీ నీడ బంతి మీద పడేలా పట్టుకోవడం వాడికింకా కుదరట్లేదు. రేపు స్కూలు నుంచి రాగానే మళ్లీ చేద్దామన్నాడు.